మూలన రాయని పాత షీటు నంబరు

జూన్ నెల రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. గోదావరిఖనిలోని ఏరియా ఆఫీసు, రెండో అంతస్తు, కంప్యూటర్ విభాగం. నల్లటి తెర మీద ఒక ఆదేశం టైపు చేసి ఎంటర్ నొక్కాను. ఎనభై ఆరు ఫైళ్ళ పేర్లు మారిపోయాయి. కుర్చీలో వెనక్కి వాలి మంచినీళ్ళు తాగాను.

ఆ నొక్కుడు మూడేళ్ళ తర్వాత శాంసన్ అనే సర్వేయర్ మీద పడింది. నేను చేసిన ఉద్యోగంలో చెప్పుకోదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. వాటిని నా వీడ్కోలు సభలో ఇతరులు చెప్పారు, శాలువా కప్పారు. శాంసన్ ఆ సభకు రాలేదు. ఈ విభాగంలో కొత్తగా చేరే పిల్లలకు పనికొచ్చేది ఆ సభలో ఎవరూ చెప్పని ఈ సంగతే. అందుకని సిగ్గు విడిచి రాస్తున్నాను. సిగ్గు విడిచి అనడం కూడా సరికాదు, అది ఇంకా నాతోనే ఉంది.

ట్రేసింగు బల్ల

నేను చేరింది కంప్యూటర్ల మీద కాదు. నాన్న ఇక బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాశాక, ఆయన బదులు నాకు సర్వే ఆఫీసులో ట్రేసర్ ఉద్యోగం వచ్చింది. మా వైపు గనిని బాయి అంటాం. బాయి లోపల బొగ్గు తీసిన దారులన్నిటినీ సర్వేయర్లు కొలిచి ప్లాన్ల మీద గీస్తారు. ఆ ప్లాను మీద పలచని ట్రేసింగు గుడ్డ పరిచి నల్ల సిరాతో నకలు తీయడం నా పని.

మా పెద్ద రాజేశం గారు, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. ప్లాను మీద గీత తుడవనిచ్చేవారు కాదు. తప్పయితే ఎర్ర సిరాతో కొట్టి, పక్కన తేదీ, పొడి అక్షరాలు వేయాలి. షీటు నిండిపోయి కొత్త షీటు తెరిస్తే, కొత్త షీటు కింది మూలన పాత షీటు నంబరు రాయాలి.

చేరిన ఏడాదే నేను ఆ మూల నంబరు మరిచిపోయాను. మూడు రోజుల పని. ఆయన షీటును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకుని చూశారు.

"సుగుణమ్మా, గీ షీటుకు తల్లి ఎవరు?"

నాకు అర్థం కాలేదు. బల్లల దగ్గర అందరూ నవ్వారు.

"ఎక్కడ పుట్టిందో చెప్పకపోతే గిది అనాథ షీటు గాదా? రేపు బాయిల పాత నీళ్ళు తగిల్తె దీని తల్లిదండ్రులను యాడ దేవులాడాలె?"

"ఇప్పుడే రాస్త సార్, కొంచెం జాగనే గదా."

"సంతకమైనంక రాస్తె అది దొంగ నంబరైతది. మళ్ళ గియ్యి."

మళ్ళీ గీశాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండా ఏడ్చుకుంటూ గీశాను. అప్పటి నుంచి ట్రేసింగు బల్ల వదిలే వరకు ఒక్క షీటు మీద కూడా ఆ నంబరు మరవలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాత పేరుకూ కొత్త పేరుకూ ముడి వేయాలన్న సంగతి నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దని. ఇరవై ఏళ్ళ వయసులోనే తెలుసు.

మల్లయ్య డిప్పు, పాము కనబడ్డ లెవెలు

కంప్యూటర్లు వచ్చాక ట్రేసర్ల బల్లలు పోయాయి. శిక్షణకు పంపితే వెళ్ళాను, పరీక్షలు పాసయ్యాను, చివరికి విభాగం బాధ్యత నాకే వచ్చింది. ప్లాన్లు ఫైళ్ళయ్యాయి. వాటిని వర్షన్ కంట్రోల్ అనే ఏర్పాటులో పెట్టించింది నేనే. ఎవరు ఏ మార్పు చేసినా, ఎప్పుడు చేశారు, అంతకు ముందు ఆ ఫైలు ఎలా ఉండేది అన్నదంతా అది దాచి ఉంచుతుంది. మార్పు దాచే ప్రతిసారీ ఎందుకు మార్చారో ఒక మాట రాయమంటుంది.

మా విభాగంలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఆ చోట 'సరిచేశాను' అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్ళు. సర్వేయర్లు మాత్రం పేరాలు రాసేవాళ్ళు. టేపు ఎవరు పట్టుకున్నారు, మోకాలి దాకా నీళ్ళుంటే కొలత ఎక్కడ ఆపారు, ఎవరు చెబితే గీత మార్చారు, అన్నీ. ఎర్ర సిరా అలవాటు చేతిలో నుంచి కీబోర్డులోకి దిగింది. నాకు అది వాగుడులా అనిపించేది. అందులో ఒక్కటి కూడా నేను పూర్తిగా చదవలేదు.

ఫైళ్ళ పేర్లు కూడా వాళ్ళవే. డిప్పు అంటే బాయి లోపలికి దిగే వాలు దారి. దాన్ని మొదట తవ్వించిన సర్దారు, అంటే కూలీల పెద్ద, మల్లయ్య అయితే ఆ ఫైలు పేరు 'మల్లయ్య డిప్పు'. ఒకటి 'పాము కనబడ్డ లెవెలు', లెవెలు అంటే వాలు లేకుండా అడ్డంగా పోయే దారి. ఒకటి 'బుంగ నీళ్ళు'. పైనుంచి ఉత్తర్వు వచ్చింది: అన్ని ఏరియాల్లోనూ ఫైళ్ళకు ఒకే తీరు నంబర్లుండాలి, బాయి నంబరు, బొగ్గు పొర నంబరు, షీటు నంబరు. నాకు చాలా సంతోషమయింది. ఆ మొరటు పేర్లు పోవాలని నేనే ఎప్పటి నుంచో చూస్తున్నాను.

శాంసన్ సర్వే ఆఫీసులో పదేళ్ళ పైబడి ఉన్నాడు. తాతల నాటి నుంచి బాయి కుటుంబం. ఆదివారం చర్చిలో పాటలు అతనే ఎత్తుకునేవాడు. నాకంటే చిన్న, అక్క అనేవాడు. ఆ మంగళవారానికి ముందు రోజు మా గదిలోకి వచ్చాడు.

"అక్క, మా మల్లయ్యను ఏం జేస్తున్నవే?"

"నంబరు ఇస్తున్న. ఇగ మీ మల్లయ్య జీరో త్రీ జీరో సెవెన్."

"పాపం, ఖైదీ లెక్క జేసినవ్ గదనే. బిళ్ళ గూడ కడ్తవా మెడల?"

నేనూ నవ్వాను.

"సరేగని, పాత పేరుకు ఏ నంబరు ఇచ్చినవో పట్టీ ఇస్తవా? మావోళ్ళు యాదిమరుస్తరు."

"ఇస్త తమ్మి, ఫికర్ జెయ్యకు."

పట్టీ ఇచ్చాను. టైపు చేసి, రెండుసార్లు సరిచూసి, నకలు కూడా ఉంచుకున్నాను.

ఆ మంగళవారం

వర్షన్ కంట్రోల్‌లో పేరు మార్చడానికి ప్రత్యేకంగా ఒక ఆదేశం ఉంది. దానితో మారిస్తే కొత్త పేరు వెనక పాత పేరు ముడిపడి ఉంటుంది. ఫైలు చరిత్ర అడిగితే అది పాత పేరులోకి కూడా వెళ్ళి మొదటి రోజు నుంచి చెబుతుంది. మామూలుగా ఫోల్డరులో మార్చినట్టు మారిస్తే దానికి తెలియదు. పాత ఫైలు పోయిందనీ, ఎక్కడి నుంచో కొత్తది వచ్చి పడిందనీ అనుకుంటుంది.

నా వేళ్ళకు పాత అలవాటు. ఎనభై ఆరు పేర్లనూ మామూలు ఆదేశంతోనే, ఒకే దెబ్బకు మార్చేశాను. తర్వాత స్థితి చూపించమంటే తెర నిండా వరసలు వచ్చాయి. పాత పేర్ల ముందు ఆశ్చర్యార్థకాలు, కొత్త పేర్ల ముందు ప్రశ్నార్థకాలు. అంటే, ఇవి కనిపించడం లేదు, అవి ఎవరివో తెలియదు అని.

చూడగానే పొరపాటు తెలిసింది. అంతా వెనక్కి తిప్పి, సరైన ఆదేశంతో మళ్ళీ మారిస్తే సరిపోయేది. మహా అయితే గంట పని. కాని పదకొండున్నరకే పెద్ద ఆఫీసరు వస్తున్నారు, కొత్త నంబర్లు చూస్తారు, నేను ముందే 'అయిపోయింది' అని ఫోన్లో చెప్పి ఉన్నాను. పాతవి తీసెయ్, కొత్తవి చేర్చుకో అని చెప్పి దాచేశాను. మాట రాయమన్న చోట 'పేర్లు మార్చబడినవి' అని రాశాను. పాత పేరుతో వెతికితే పాత చరిత్ర దొరుకుతుంది కదా, ఎక్కడికి పోతుంది అని మనసుకు చెప్పుకున్నాను. ఆ రోజుకు అది నిజమే.

ఆఫీసరు వచ్చి చూసి, "బాగుందమ్మా, శుభ్రంగా ఉంది" అన్నారు.

కొత్త సర్వరు

మరుసటి ఏడాది సర్వరు మార్చాం. పాతదాంట్లో వేరే విభాగాల చెత్త చాలా ఉంది. అంతా మోయడం ఎందుకని, సర్వే ఫైళ్ళ వరకే చరిత్రతో సహా తీసుకుపోవాలనుకున్నాను. ఆ పనిచేసే సాధనం ఏ ఏ పేర్లు కావాలో ఇమ్మంటుంది. కొత్త పేర్లు ఇచ్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ మంగళవారం నేను పేర్లు సరిగ్గా మార్చి ఉంటే ఈ సాధనం నన్ను ఆపేది. 'ఈ ఫైలు ఫలానా పాత పేరు నుంచి వచ్చింది, ఆ పేరు నువ్వు ఇవ్వలేదు' అని మొరాయించేది. ముడి లేదు కాబట్టి మొరాయించలేదు. నోరెత్తకుండా పని ముగించింది. అక్కడ ఎనభై ఆరు, ఇక్కడ ఎనభై ఆరు. లెక్క కలిసిందని టిక్కు పెట్టాను. ఒక్క ఫైలు చరిత్ర కూడా అడిగి చూడలేదు.

పాత డిస్కులు నియమం ప్రకారం చెరిపి వేలానికి ఇచ్చాం. చెరిపినట్టు సంతకం నాది. బ్యాకప్ టేపుల మీద కొత్తవి ఎక్కాయి. కొత్త ప్లాను వచ్చినప్పుడల్లా పాత కాగితం ప్రింట్లు వెనక్కి తీసుకుని చించేయడం సర్వే ఆఫీసు పద్ధతి, కాబట్టి అవీ లేవు.

నీళ్ళు

ఆ మంగళవారం గడిచిన మూడేళ్ళకు, వానాకాలంలో, మొదటి షిఫ్టులో, మల్లయ్య డిప్పు వైపు బొగ్గు కోస్తుంటే గోడ చెమర్చి, పగిలి, నీళ్ళు వచ్చిపడ్డాయి. ఎప్పుడో వదిలేసిన పాత దారి నీళ్ళతో నిండి అవతల ఉంది. ప్లాను మీద అది అంత దగ్గరగా లేదు. మనుషులు పై వాలుకు ఎక్కి బయటపడ్డారు. బొగ్గు టబ్బులు తోసే ఓదెలు అనే మనిషి పాదం మాత్రం టబ్బు కింద పడింది.

సైరను మోగినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రానికి శాంసన్ వచ్చాడు. బూట్ల నిండా బురద, మెట్లన్నీ మరకలు.

"అక్క, జీరో త్రీ జీరో సెవెన్ పాత రాతలు తీసిపెట్టు. రేపు విచారణకు కావాలె."

"ఏమున్నయ్ తమ్మి దాంట్ల?"

అప్పుడు చెప్పాడు. ఏళ్ళ కింద బెల్లంపల్లిలో ఉండే ఒక రిటైర్డు సర్దారు అతనితో అన్నాడట, ఆ పాత దారి ప్లాను మీద ఉన్నదానికంటే చాలా ముందుకు పోయిందని, తనే తవ్వించానని. లోపల నీళ్ళు, పోయి కొలిచే వీలు లేదు. శాంసన్ ఆ మాట నమ్మి ప్లాను మీద చుక్కల గీత పెట్టాడు. ఆ గీత దాటి బొగ్గు కోయొద్దని దానికి అర్థం. కొన్నాళ్ళకు అప్పటి మేనేజరు, ఋజువు లేని గీతకు బొగ్గు వదులుకోలేమని తీసేయమన్నాడు. నోటిమాటే, కాగితం లేదు.

"తీసేసిన. తీసేసి, ఎవరు తియ్యమన్నరు, ఏ తారీకు, నాకిష్టం లేదని గూడ రాసిపెట్టిన. గా ముసలాయన సచ్చిపోయిండు. మేనేజరు సారు నేననలేదంటుండు. ఇగ ఆ రాతొక్కటే నాకు దిక్కు."

నేను అప్పటికీ భయపడలేదు. రేపు ఉదయం తీసి ఇస్తానన్నాను. రాత్రి పనికి కూర్చోవడం నాకు ఇష్టముండదు.

విచారణ గది

పొద్దున్నే నన్ను నేరుగా గదిలోకే పిలిచారు. విచారణ అధికారి, ఆయన పక్కన ఇద్దరు, ఎదురు కుర్చీలో శాంసన్. నా వెనక మా విభాగం పిల్లలు ఇద్దరు, గోడ మీద తెర.

"మేడం, ఈ ప్లాను చరిత్ర చూపించండి."

ఆదేశం టైపు చేశాను. ఈ మూడేళ్ళ కొలతల వరసలు వచ్చాయి, వాటి అడుగున ఒక వరస. నా పేరు, ఆ మంగళవారం, 'పేర్లు మార్చబడినవి'. దాని కింద ఖాళీ.

పాత పేరుతో అడిగాను. అలాంటి ఫైలు లేదంది. ఇంకో తీరుగా అడిగాను. లేదంది. గోడ మీద అందరికీ కనిపించేలా మూడుసార్లు లేదంది.

"శాంసన్, మీరు రాశానన్న మాట ఎక్కడుందయ్యా ఇందులో?"

శాంసన్ తెర వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "అక్కా?" అన్నాడు, ఇంట్లో పిలిచినట్టు.

అప్పుడు నేనన్న మాట ఇది: "సాంకేతిక కారణాల వల్ల పాత వివరాలు అందుబాటులో లేవు సార్."

నేను పోగొట్టాను అని రెండు మాటలు అనాల్సింది. నా వెనక ఆ పిల్లలున్నారు. వాళ్ళకు ఈ ఆదేశాలన్నీ నేర్పింది నేను. వాళ్ళ ముందు పరువు పోతుందని అనలేదు. విచారణ అధికారి నా వాక్యాన్ని అలాగే రాసుకున్నాడు. దానికి అర్థం, శాంసన్ రాశాడనడానికి ఆధారం లేదని.

నాలుగు రోజుల తర్వాత జరిగిందంతా వివరంగా రాసి ఇచ్చాను. నన్ను మళ్ళీ పిలిచి అడిగారు.

"పోగొట్టింది మీరే అంటున్నారు. సరే. పోయినదాంట్లో ఆ మాట ఉందని మీరు చూశారా? ఎప్పుడైనా చదివారా?"

"లేదు సార్."

"మరి మేమేం చేయాలి మేడం?"

నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. తప్పు ప్లాను మీద సంతకం శాంసన్‌దే కాబట్టి అతనికి ఒక గ్రేడు తగ్గించి గోలేటికి బదిలీ చేశారు. ప్లాన్ల మీద సంతకం చేసే పని నుంచి తప్పించారు. షిఫ్టుల్లో పేరు పడిపోయింది: నీళ్ళు దెచ్చినోడు.

గోలేటిలో

రిటైరయ్యాక ఒకసారి పోయాను. శాంసన్ క్వార్టరు ముందు మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. అతని భార్య రూతమ్మ నన్ను లోపలికి రమ్మని, గుమ్మంలోనే నిలబడి అంది:

"చాయ్ తాగుతవా అక్క? లేకుంటె చాయ్‌కి గూడ ఏదన్న నంబరు వెడ్తవా?"

"ఊకో రూతా," అన్నాడు శాంసన్.

"ఎందుకూకోవాలె? మన పిల్లలు బడికి పోతె నీళ్ళు దెచ్చినోని పిల్లలన్నరు. అప్పుడు గీమె యాడున్నది?"

చాయ్ ఇచ్చింది. తాగాను. క్షమించమని అడగడానికి పోయాను గానీ ఆ మాట ఎలా ఎత్తుకోవాలో తెలియలేదు. తప్పు నాదే తమ్మి, అని మాత్రం అన్నాను.

"నీది సగమే అక్క. నోటితోని చెప్పిన సారుది సగం," అన్నాడు శాంసన్. "ఒక్కటడుగుత. నేను అన్నేండ్లు రాసిన గదా, ఒక్కసారన్న చదివినవా?"

"లేదు."

"నువ్వు చదువుతున్నవనే రాసిన. కంప్యూటర్ల దాసేది నువ్వే గదా, సుగుణక్క జూస్తదిలే అనుకుంట రాసిన."

బస్సుకు టైమయిందని లేచాను. బస్సుకు ఇంకా గంటపైనే ఉంది.

కొత్తగా చేరే పిల్లలకు

పేరు మార్చేటప్పుడు పేరు మార్చే ఆదేశమే వాడండి. అదే సమయంలో లోపలి విషయం ముట్టుకోకండి, పేరు ఒకసారి, మార్పు ఇంకొకసారి దాచండి. ఇప్పుడు మీరు వాడే కొత్త వ్యవస్థలు ముడి వాటంతట అవే పోల్చుకుంటాయంటున్నారు. రెండూ కలిపి చేస్తే అవీ పోల్చుకోలేకపోవచ్చు. చేశాక ఏదో ఒక ఫైలు చరిత్ర అడిగి అడుగు దాకా చదవండి, పాత పేరు కనిపించాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మోసినప్పుడు ఫైళ్ళు ఎన్ని అని లెక్కపెట్టి సంబరపడకండి.

మా విభాగంలో తెలివైనవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. ఇతరులు రాసింది చదివేవాళ్ళు తక్కువ. మనం దాచేది ఏమిటో మనకు తెలియకుండానే దాస్తాం, తెలియకుండానే పారేస్తాం. 'సాంకేతిక కారణాల వల్ల' అనే మాట మీ నోటికి వచ్చినప్పుడు, ఆ కారణానికి ఒక మనిషి పేరుందేమో చూసుకోండి. నా విషయంలో ఉంది.

పోయినవి:

ఎనభై ఆరు ప్లాన్ల పాత రూపాలు.

వాటితో ఉన్న మాటలు. ఎన్నో తెలియదు, ఉన్నప్పుడు లెక్కపెట్టలేదు.

ఒక చుక్కల గీత.

నీళ్ళలో మునిగిన పంపులు రెండు, బొగ్గు కోసే యంత్రం ఒకటి.

ఓదెలు కుడి పాదం వేళ్ళు మూడు.

శాంసన్ గ్రేడు ఒకటి, ప్లాను మీద అతని సంతకం.

మిగిలినది: పాత పేర్లకు కొత్త నంబర్ల పట్టీ, రెండు పేజీలు. ఈ ఉదయం మళ్ళీ సరిచూశాను. అందులో ఒక్క తప్పు లేదు.